వారసుల పేర్లు తెలియని పత్రాలు

ఒక చిన్న ప్రశ్న. బ్రౌజరు ఒకే సర్వరుతో ఒకేసారి ఎన్ని కనెక్షన్లు పెట్టుకోవచ్చు?

వెబ్ నడిచేది హెచ్‌టీటీపీ అనే ప్రొటోకాల్ మీద, అంటే యంత్రాలు మాట్లాడుకునే నియమాల మీద, కాబట్టి జవాబు దాని ప్రమాణ పత్రంలోనే ఉండాలి. వెతికితే ఆర్‌ఎఫ్‌సీ 2616 ఎదురవుతుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు వెలువడే సంఖ్యల వరసలోని పత్రాన్ని ఆర్‌ఎఫ్‌సీ అంటారు. అది 1999 జూన్‌లో వెలువడింది. అందులో 8.1.4 విభాగం విషయాన్ని సూటిగా చెబుతుంది: ఒకే వ్యక్తి వాడే క్లయింటు (బ్రౌజరులాంటిది) ఏ సర్వరుతోనూ రెండుకు మించి కనెక్షన్లు ఉంచుకోరాదు. అధికారిక పత్రం, విభాగం సంఖ్యతో సహా నియమం. అక్కడితో వెతుకులాట ఆపేసినవారిని తప్పుపట్టలేం.

కానీ ఆ నియమానికి కాలం చెల్లి పదేళ్లు దాటింది. 2014 జూన్‌లో 2616ను ఆరు పత్రాలుగా విడదీసి తిరగరాశారు. వాటికి 7230 నుంచి 7235 దాకా సంఖ్యలు పడ్డాయి. రెండు కనెక్షన్ల పరిమితిని అప్పుడే తీసేశారు. 2022 జూన్‌లో 9110, 9111, 9112 వచ్చి ఆ ఆరింటినీ కూడా పక్కకు తప్పించాయి. ఇంత జరిగినా 2616 మూలపాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివితే ఈ సంగతి చెప్పే వాక్యం ఒక్కటీ కనిపించదు.

కనిపించే వీలు కూడా లేదు. 1969 ఏప్రిల్‌లో స్టీవ్ క్రాకర్ రాసిన మొదటి ఆర్‌ఎఫ్‌సీతో మొదలైన ఈ వరసలో ఇప్పుడు తొమ్మిది వేలకు పైగా పత్రాలున్నాయి. ఒకసారి వెలువడిన పాఠాన్ని మార్చకపోవడం ఇక్కడి కట్టుబాటు. తప్పు బయటపడితే తప్పొప్పుల పట్టికలో వేరుగా నమోదు చేస్తారు. విషయమే మారితే కొత్త సంఖ్యతో కొత్త పత్రం రాస్తారు. కొత్తదాని తలకట్టులో ‘ఇది ఫలానా పాతదాని స్థానంలో వచ్చింది’ అని ఉంటుంది. పాతదాని తలకట్టులో కొత్తదాని ఊసు ఉండదు, అది అచ్చయ్యేనాటికి కొత్తది పుట్టలేదు మరి. ప్రతి పత్రానికీ తన పూర్వీకులు తెలుసు, వారసులు తెలియరు. వారసుల పేర్లు సూచికలోనో, పత్రం గురించిన సమాచార పుటలోనో, అంటే పాఠానికి బయట ఎక్కడో ఉంటాయి.

ప్రమాణాల్లో దేన్నయినా పట్టుకోవడం ఎందుకింత ప్రయాస అని అడిగితే చాలామంది సెర్చ్ పెట్టెను తిడతారు. తిట్టదగ్గ సెర్చ్ పెట్టెలు లేకపోలేదు, వాటి దగ్గరికీ వస్తాను. అయితే అసలు చిక్కు అది కాదని నా అభిప్రాయం. మనం వెతికేది పాఠంలో. జవాబు ఉండేది పాఠాల మధ్య బంధుత్వంలో. మాటలను బట్టి వెతికే యంత్రానికి ఆ బంధుత్వం సరిగా అందదు. పైగా 2616 పదిహేనేళ్ల పాటు హెచ్‌టీటీపీకి ఆధార గ్రంథంగా ఉంది. ఆ కాలంలో లెక్కలేనన్ని పుటలు దానికి లింకులిచ్చాయి. లింకుల బలాన్ని పలుకుబడిగా లెక్కగట్టే యంత్రానికి పాతదే పెద్దమనిషిలా కనిపించడంలో వింత లేదు.

పూర్తిగా చెల్లనివి, సగం చెల్లేవి

పాతదాన్ని పూర్తిగా తొలగించే కొత్త పత్రం ఉన్నంతలో నయం. సూచిక చూస్తే తేలిపోతుంది. ఇబ్బంది పెట్టేది రెండో రకం: పాత పత్రాన్ని ఉంచుతూనే అందులోని కొన్ని విషయాలను మాత్రమే మార్చే పత్రం. అప్పుడు రెండూ చెల్లుతాయి. ఏ వాక్యం ఏ మేరకు చెల్లుతుందో రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని మనమే తేల్చుకోవాలి.

ఇంటర్నెట్‌కు వెన్నెముకలాంటి టీసీపీ సంగతి చూడండి. దాని మూల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 793 వచ్చింది 1981 సెప్టెంబరులో. దాన్ని పూర్తిగా తిరగరాసిన 9293 వచ్చింది 2022 ఆగస్టులో. మధ్యలో దాదాపు 41 ఏళ్లు. ఆ కాలమంతా రద్దీ నియంత్రణ, మళ్లీ పంపే గడువులు, అదనపు ఆప్షన్లు అన్నీ వేర్వేరు పత్రాల్లో అతుకుల్లా చేరుతూ పోయాయి. ఏ అతుకు ఎక్కడుందో చెప్పడానికే 2006లో 4614ను, 2015లో 7414ను రాయాల్సి వచ్చింది. ఈ రెండూ కొత్త నియమాలేవీ చెప్పవు, ఏ పత్రాలు చదవాలో మాత్రమే చెబుతాయి. ఇంటర్నెట్ ఫోను కాల్స్‌కు వాడే సిప్ ప్రొటోకాల్‌కూ అదే గతి పట్టింది. 2002లో 3261 వచ్చింది. దాని చుట్టూ పెరిగిన కుటుంబాన్ని పరిచయం చేయడానికి 2009లో 5411 అవసరమైంది. పత్రాలను వెతకడానికి ఇంకో పత్రం రాయడం చూస్తే నవ్వొస్తుంది గానీ, నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన మంచి పనుల్లో ఇదొకటి.

పాఠంలో ఉండాల్సిందని మనం అనుకునేది పాఠంలో లేకపోవడం ఇంకో రకం. వరసగా ఎక్కువ అభ్యర్థనలు పంపితే సర్వరు 429 అనే కోడ్ తిప్పి పంపుతుంది. వెబ్ మీద పనిచేసేవారందరికీ పరిచయమైనదే. హెచ్‌టీటీపీ అర్థాలన్నీ చెప్పే 9110లో దాన్ని వెతికితే నిర్వచనం దొరకదు, ఎందుకంటే అది 2012లో వచ్చిన 6585లో ఉంది. అన్ని కోడ్‌లూ ఒకచోట కావాలంటే ప్రమాణం కాదు, ఇంటర్నెట్ సంఖ్యల జాబితాలు చూసే ఐఏఎన్ఏ అనే సంస్థ నిర్వహించే రిజిస్టరు చూడాలి. ఏ సంఖ్యను ఏ పత్రం నిర్వచించిందో అందులో ఉంటుంది. ప్రొటోకాల్‌లో సంఖ్యల జాబితా ఏదైనా కావాల్సి వచ్చినప్పుడు ముందు రిజిస్టరుకు వెళ్లి, అక్కడి నుంచి పత్రంలోకి దిగితే సగం శ్రమ తగ్గుతుంది.

వైఫై ప్రమాణాలది మరో తీరు. ఐ ట్రిపుల్ ఈ అనే ఇంజినీర్ల సంస్థ వెలువరించే 802.11 అనే మూల ప్రమాణానికి ఎప్పటికప్పుడు సవరణలు వెలువడతాయి. కొన్నేళ్లకోసారి వాటన్నిటినీ మూలంలో కలిపి కొత్త సంపుటం తెస్తారు. 2020 సంపుటం నాలుగు వేల పుటలు దాటింది. సవరణ పత్రం ఒక్కదాన్నే తెరిచి చదివితే ఏమీ అర్థం కాదు. అది చదవడానికి రాసింది కాదు. ‘ఫలానా విభాగంలో మూడో పేరా తర్వాత ఈ వాక్యం చేర్చండి’, ‘పట్టికలో ఈ వరస మార్చండి’ అంటూ సంపాదకుడికి ఇచ్చిన ఆదేశాల చిట్టా అది. కత్తిరించి అతికించే పని పాఠకుడే మనసులో చేసుకోవాలి. సవరణలో కనబడిన వాక్యాన్ని ఆ తర్వాతి సవరణ మార్చి ఉండే అవకాశమూ ఉంది.

మనం అనే మాట, వారు రాసే మాట

అదే వైఫైలో ‘వైఫై 6’ అని వెతికి చూడండి. అది వ్యాపార నామం. ప్రమాణం ఆ సంగతిని 802.11ఏఎక్స్ అనే సవరణలో చెబుతుంది, లోపల అంతటా ‘హెచ్‌ఈ’ అనే రెండక్షరాలతో పిలుస్తుంది. అధిక సామర్థ్యం అనే అర్థమిచ్చే ఇంగ్లిషు మాటలకు అది పొడి అక్షరాల రూపం. వైఫై 5 అక్కడ ‘వీహెచ్‌టీ’, వైఫై 4 ‘హెచ్‌టీ’. హెచ్‌టీ అని కొడితే వీహెచ్‌టీ ఉన్న చోట్లన్నీ కూడా వచ్చి పడతాయని వేరే చెప్పనక్కర్లేదు.

హెచ్‌టీటీపీ పత్రాలకు బ్రౌజరు అంటే పెద్దగా పట్టింపు లేదు. వాటి భాషలో అది ‘యూజర్ ఏజెంట్’. మొబైల్ ప్రమాణాల్లో ఫోను ‘యూఈ’, 4జీ టవరు ‘ఈఎన్‌బీ’, 5జీ టవరు ‘జీఎన్‌బీ’. ఇవి ఒకసారి తెలిస్తే గుర్తుంటాయి. పేరుకు ఏ పోలికా లేనివి ఉంటాయి చూడండి, అవి దారి తప్పిస్తాయి. కదులుతున్న ఫోను ఒక టవరు నుంచి ఇంకో టవరుకు మారడాన్ని ఈ రంగంలో అందరూ హ్యాండోవర్ అంటారు. 5జీ రేడియో నియమాలు చెప్పే 38.331 పత్రంలో ఫోను ఆ క్షణాన ఏం చేయాలో చెప్పే విభాగానికి ఆ పేరు లేదు. ‘రీకాన్ఫిగరేషన్ విత్ సింక్’ అని ఉంది. 4జీ పత్రమైన 36.331లో అదే పని చేసే సందేశ భాగం పేరు ‘మొబిలిటీ కంట్రోల్ ఇన్ఫో’. ఈ మాటలు ముందే తెలిసినవాడికి వెతకాల్సిన పనే ఉండదు, తెలియనివాడికి వెతికినా దొరకదు.

అందుకే ప్రమాణం తెరవగానే నిర్వచనాల విభాగం చదవమని నేను చెబుతుంటాను. ఎవరూ వినరు, తొందర అలాంటిది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ పత్రాల్లో మూడో విభాగం దానికే కేటాయించి ఉంటుంది. మొబైల్ ప్రమాణాలకు 21.905 అనే పదకోశ పత్రమే ఉంది. ఐఎస్‌ఓ తన పత్రాలను డబ్బుకు అమ్మినా, వాటిలోని పదాలను, నిర్వచనాలను మాత్రం ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడనిస్తుంది. పది నిమిషాలు అక్కడ గడిపితే సెర్చ్ పెట్టెలో ఏం కొట్టాలో తెలుస్తుంది.

మామూలు మాటలకు ప్రత్యేక అర్థం ఉండటం దీనికి తలకిందులు. ఆర్‌ఎఫ్‌సీల్లో ‘మస్ట్’, ‘షుడ్’, ‘మే’ అనే మాటలకు 1997లో వచ్చిన 2119 కచ్చితమైన అర్థాలు పెట్టింది. మొదటిది తప్పనిసరి. రెండోది తగిన కారణం ఉంటే తప్ప పాటించాల్సినది. మూడోది ఐచ్ఛికం. ఆ అర్థాలు పెద్ద అక్షరాల్లో రాసినప్పుడే వర్తిస్తాయని 2017లో 8174 స్పష్టం చేసింది. సెర్చ్ పెట్టెలు సాధారణంగా పెద్ద చిన్న అక్షరాల తేడా చూడవు. తప్పనిసరి నియమాలన్నీ ఏరుకుందామని ఆ మాట కొడితే మామూలు వాక్యాల్లోవి కూడా వచ్చి గుంపులో కలుస్తాయి. మొదట్లో చెప్పిన రెండు కనెక్షన్ల నియమం కూడా రెండో రకందే. అంటే చెల్లిన కాలంలో కూడా అది గట్టి సలహా మాత్రమే, నిషేధం కాదు.

తాజాదే సరైనదా?

మొబైల్ ప్రమాణాలు రాసే త్రీజీపీపీ పద్ధతి చూస్తే ఈ ప్రశ్న తప్పదు. అక్కడి పత్రాలు విడుదలల వారీగా నడుస్తాయి. 5జీ మొదట వచ్చింది 15వ విడుదలలో. పత్రం కూర్పు సంఖ్యలో మొదటి అంకె విడుదలను చెబుతుంది: 15.3.0 అంటే 15వ విడుదలకు చెందినది. 15వ విడుదల ప్రకారం తయారైన పరికరం ఎలా ప్రవర్తించాలో తెలుసుకోవాలంటే 18వ విడుదల పత్రం తెరవడం పొరపాటు. కొత్తది వచ్చినా పాతది దాని పరికరాలకు చెల్లుతూనే ఉంటుంది. ఆర్‌ఎఫ్‌సీల దగ్గర వారసుణ్ని వెతకాలి, ఇక్కడ సమకాలికుణ్ని వెతకాలి.

దించుకోవడానికి వెళితే ఇంకో పొడుపుకథ. ఫైలు పేరు 38331-జీ10 అని ఉంటుంది. మొదటి ఐదంకెలు పత్రం సంఖ్య. చివరి మూడు గుర్తులు కూర్పు సంఖ్య. తొమ్మిది దాటాక అంకెకు బదులు ఇంగ్లిషు అక్షరాలు వాడతారు. పదికి ఏ, పదిహేనుకు ఎఫ్, పదహారుకు జీ. అంటే ఇది 16.1.0. జిప్ విప్పితే లోపల వర్డ్ ఫైలు ఉంటుంది. ఇదే పత్రాన్ని యూరప్ సంస్థ ఈటీఎస్ఐ తన ముద్రతో, 138 331 అనే సంఖ్యతో, పీడీఎఫ్‌గా వెలువరిస్తుంది. రెండు సంఖ్యలూ ఒకే పాఠానివి అని తెలియక రెండింటినీ విడివిడిగా చదివినవారున్నారు. మొదట్లో నేనూ వారిలో ఒకణ్ని.

పైగా ఒక ప్రశ్నకు జవాబు ఒక పత్రంలో దొరకదు. ఫోను 5జీ నెట్‌వర్క్‌లో ఎలా నమోదవుతుంది? మొత్తం నిర్మాణం 23.501లో, అడుగడుగు క్రమం 23.502లో, ఫోనుకూ నెట్‌వర్కుకూ మధ్య నడిచే సందేశాల రూపం 24.501లో, వాటిని మోసే రేడియో సంగతులు 38.331లో, భద్రత 33.501లో. చూడగానే గందరగోళమనిపించినా ఇందులో క్రమం ఉంది. 22తో మొదలయ్యేవి సేవల అవసరాలు, 23వి నిర్మాణం, 24వి సందేశాలు, 33వి భద్రత, 38వి 5జీ రేడియో. మాటతో వెతకడం మాని వరస సంఖ్యతో వెతికితే దారి దొరుకుతుంది. ప్రతి పత్రం చివర మార్పుల చరిత్ర పట్టిక కూడా ఉంటుంది. ఏ మార్పు ఏ కూర్పులో, ఏ ప్రతిపాదన వల్ల వచ్చిందో అందులో చూడవచ్చు. ఆర్‌ఎఫ్‌సీలకు లేని సదుపాయమిది.

ఐఎస్‌ఓ పత్రాల్లో ఇదే చిక్కు ఒక చిన్న వివరంలో దాగి ఉంటుంది. ఇతర ప్రమాణాలను ప్రస్తావించేటప్పుడు ఏడాది వేస్తే ఆ కూర్పు మాత్రమే వర్తిస్తుంది. వేయకపోతే తాజా కూర్పు వర్తిస్తుంది. ఒక కోలన్ గుర్తు, నాలుగు అంకెలు. ఏ పుస్తకం తెరవాలో వాటిని బట్టే తేలుతుంది.

వెబ్ పేజీల ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్‌ది పూర్తిగా వేరే దారి. 2014 అక్టోబరులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ హెచ్‌టీఎంఎల్ 5ను ప్రమాణంగా ప్రకటించింది. అప్పటికే వాట్‌డబ్ల్యూజీ అనే బృందం సంఖ్యలు లేని, నిరంతరం మారే పాఠాన్ని నడుపుతోంది. రెండు పాఠాలు కొన్నేళ్ల పాటు పక్కపక్కనే సాగాయి. 2019 మేలో కుదిరిన ఒప్పందంతో వాట్‌డబ్ల్యూజీ పాఠమే నిలిచింది. ఇక్కడ పాతది చదివేస్తామన్న భయం లేదు. నిన్న చదివిన వాక్యం ఈరోజు అక్కడే ఉంటుందన్న హామీ కూడా లేదు. ఫలానా రోజున ప్రమాణం ఏం చెప్పిందని అడిగితే ఆనాటి మార్పుల చరిత్రలోకి వెళ్లాలి.

సెర్చ్ పెట్టె దగ్గరికి

ఇక తిట్టాల్సినవి. ఆర్‌ఎఫ్‌సీలు దశాబ్దాల పాటు వరసకు 72 అక్షరాల సాదా పాఠంగా వచ్చాయి. రెండు మాటల పదబంధం వరస చివర విరిగితే, చాలా పరికరాల్లో వెతుకులాటకు అది కనిపించదు. పేరా నడుమ పుట విరిగి శీర్షిక, పుట సంఖ్య వచ్చి కూర్చుంటాయి. పీడీఎఫ్‌లలో మాట మధ్య గీత పెట్టి రెండు వరసలకు విడగొట్టడం, ఎఫ్, ఐ అక్షరాలను ఒకే గుర్తుగా కలిపేయడం, పట్టికలను బొమ్మలుగా అతికించడం మామూలే. కాన్ఫిగరేషన్ అనే మాట కళ్లెదుట ఉన్నా యంత్రం లేదనడానికి ఒక్కోసారి కారణం ఆ కలిసిన గుర్తే. కొన్ని ప్రమాణాల వెబ్ కూర్పులు పాతకాలపు ఫ్రేముల్లో కూర్చుని ఉంటాయి. ఏ విభాగం తెరిచినా అడ్రసు మారదు, కాబట్టి ఇంకొకరికి లింకు పంపలేం. ఒకే పెద్ద పుటగా పెడితే బ్రౌజరు మూలుగుతుంది. ముక్కలుగా పెడితే పుటలో వెతికే సదుపాయం ఆ ముక్కకే పరిమితం. దీనికి అందరినీ మెప్పించే పరిష్కారం నేను చూడలేదు.

విభాగం సంఖ్యల విషయంలో మాత్రం సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రమాణం రాసేవారిని మెచ్చుకోవాలి. ప్రోగ్రాములోని వస్తువుల (ఆబ్జెక్టుల) జీవితకాలం గురించిన విభాగం 2011 కూర్పులో 3.8, 2017 కూర్పులో 6.8. సంఖ్య మారినా ‘బేసిక్.లైఫ్’ అనే గుర్తు పేరు మారలేదు. సంఖ్యతో కాకుండా ఆ పేరుతో వెతికితే ఏ కూర్పులోనైనా దొరుకుతుంది. మిగతా సంస్థలు ఈ చిన్న అలవాటును ఎందుకు అందుకోలేదో నాకు అంతుపట్టదు.

ధర కూడా వెతుకులాటను వంకర చేస్తుంది. సీ భాష అసలు ప్రమాణాన్ని ఐఎస్‌ఓ అమ్ముతుంది, అందువల్ల ప్రోగ్రామర్లు దాని చివరి చిత్తుప్రతిని చదువుతారు. 2011 కూర్పుకు ఎన్1570 అలాంటిది. చర్చల్లో అందరూ ఉటంకించేది దాన్నే, చట్టబద్ధమైన పాఠం ఇంకొకటి. తాళం వేసిన చోట సెర్చ్ యంత్రానికి ప్రవేశం లేదు కాబట్టి ఫలితాల్లో పైకి వచ్చేవి చిత్తుప్రతులే. కొన్నిసార్లు తాళం లేని తలుపు పక్కనే ఉంటుంది. వీడియో ప్రమాణం హెచ్.264ను ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ ఉచితంగా ఇస్తుంది. దానికి జంట ప్రమాణం 14496-10ను ఐఎస్‌ఓ అమ్ముతుంది. ఫోటోల జేపెగ్‌కూ ఇదే వరస: ఐటీయూ దగ్గర టీ.81, ఐఎస్‌ఓ దగ్గర 10918-1. చట్టంలో భాగమైన ప్రమాణాలను పౌరులు చూడగలగాలని 2024 మార్చి 5న యూరప్ యూనియన్ న్యాయస్థానం తీర్పిచ్చింది. అది కొన్ని తలుపులకే వర్తిస్తుంది.

దొరికినదానికి హోదా ఏమిటో చూడటం మరో పని. ఆర్‌ఎఫ్‌సీ సంఖ్య పడినంత మాత్రాన ప్రమాణం కాదు. సమాచారం కోసం రాసినవి, ప్రయోగాత్మకమైనవి, చరిత్రకు వదిలేసినవి అన్నీ అదే వరసలో ఉంటాయి. పావురాల మీద డేటా పంపే పద్ధతి చెప్పే 1149 కూడా ఉంది, తేదీ 1990 ఏప్రిల్ 1. కాఫీ పాత్రలను నడిపే 2324 తేదీ 1998 ఏప్రిల్ 1. ఆ హాస్యంలో పుట్టిన 418 కోడ్‌ను జనం నిజంగా వాడేయడంతో, 9110 దాన్ని వాడకూడని సంఖ్యగా పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు చాలామంది చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. మాటల తేడా అనే చిక్కును అది బాగానే తీరుస్తుంది. హ్యాండోవర్ అంటే ఏ విభాగమో చెప్పగలదు. కూర్పుల తేడాలో మాత్రం జాగ్రత్త అవసరం. 2616, 7230, 9112 మూడింటినీ చదివిన యంత్రం మూడింటినీ కలిపి ఒకే ధీమాతో మాట్లాడగలదు. విభాగం పేరు దాని నుంచి తీసుకుని, నియమాన్ని పత్రంలో మనమే చూసుకోవడం మేలు.

మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. 2616 సమాచార పుట తెరిస్తే వారసుల వరస కనిపిస్తుంది. అక్కడి నుంచి 7230, దాని నుంచి 9112. అందులో కనెక్షన్ల నిర్వహణ గురించిన తొమ్మిదో విభాగం, దాని కింద 9.4. శీర్షికలో కనెక్షన్ అనే మాట కూడా లేదు, ‘కాంకరెన్సీ’ అని ఉంది. క్లయింటు కనెక్షన్లను పరిమితంగా ఉంచుకోవాలి అంటుంది ఆ విభాగం. వెనకటి కూర్పులు ఒక నిర్దిష్ట సంఖ్య పెట్టాయనీ, చాలా అవసరాలకు అది ఆచరణలో కుదరలేదనీ, అందుకే ఇప్పుడు ఏ సంఖ్యనూ విధించడం లేదనీ వివరిస్తుంది. ఎన్ని అని వెతికినవారికి దొరకాల్సిన జవాబు, సంఖ్య లేని ఆ పేరా.